పిత్తప్రకృతి: రోగమా, స్వభావమా?

పుట్టుకతోనే ఒంటిలో వేడి హెచ్చుగా గల మనుష్యుని గూర్చి మన వైద్యశాస్త్రమునందు రెండు తీర్పులు కలవు. చరకసంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయము మనుష్యులను గర్భస్థితి మొదలుకొని విభజించినది. వాతపిత్తకఫములు సమముగా గలవారు కొందరు; ఆ మూటిలో ఏదో యొకటి మిక్కుటముగా గలవారు కొందరు. మొదటి తెగవారే నిరోగులు, తక్కినవారు ఎల్లప్పుడును రోగులే యని అచట నిర్ణయము. వారికి వాడిన పదము 'సదాతురులు'. సుశ్రుతసంహిత శారీరస్థానము నాలుగవ అధ్యాయము ఈ విషయమునే ఎత్తుకొని వేరొక దారి పట్టినది. విషములో పుట్టిన పురుగు ఆ విషముచేత చావదు గదా. అట్లే ఏ దోషముతో కూడి మనుష్యుడు పుట్టెనో ఆ దోషము అతనిని బాధింపజాలదని దాని తాత్పర్యము.

ఇది పండితులు తీరికవేళ చేసికొను శుష్కవాదము కాదు. ఎండలో నాలుగడుగులు వేయలేనివాడు, ఆకలి యైనచో ఒక్క గడియ ఓర్వలేనివాడు, ముప్పదియేండ్లకే తల నెరసినవాడు, మాటకు ముందే కన్నులెఱ్ఱ చేయువాడు మన యిండ్లలో ఒకడైనను ఉండును. అతడు పుట్టురోగియా? లేక తన తీరున తాను ఆరోగ్యవంతుడా? మొదటి మాట నిజమైనచో అతడు జీవితాంతము వైద్యుని గుమ్మము విడువరాదు. రెండవ మాట నిజమైనచో అతనికి కావలసినది మందు కాదు, తన్ను తాను తెలిసికొనుట. ఇరువది శతాబ్దములుగా ఈ రెండు తీర్పులును మన దేశమున పక్కపక్కనే నడచుచు వచ్చినవి.

ముందుగా మాట తేటపడవలెను. పిత్తమనగానే నేటి చదువరికి కాలేయమున ఊరు పసరు తోచును. ఆంగ్లానువాదకులు చాలమంది ఆ యర్థమునకే కట్టుపడినారు. సంహితలలోని పిత్తము అంతకంటె విశాలమైనది. కొంచెము జిడ్డు, వేడి, తీక్ష్ణత, ద్రవత్వము, పులుపు, కారము, జారుగుణము కలది పిత్తమని చరకము. దేహములో వండునదెల్ల, మార్చునదెల్ల పిత్తము పనియే. సుశ్రుతసంహిత సూత్రస్థానము ఇరువదియొకటవ అధ్యాయములో సూటియైన ప్రశ్న యొకటి కలదు: పిత్తము వేరు, అగ్ని వేరా? లేక పిత్తమే అగ్నియా? పిత్తము కంటె వేరుగా దేహమున అగ్ని కానరాదని సమాధానము. ఆ యగ్ని అయిదు చోట్ల అయిదు పనులు చేయును. అన్నమును పచనము చేయునది పాచకము, రసమునకు ఎఱుపెక్కించునది రంజకము, హృదయమున కోరినదానిని సాధింపజేయునది సాధకము, కంటికి చూపు నిచ్చునది ఆలోచకము, చర్మమునకు కాంతి నిచ్చునది భ్రాజకము. చరకసంహితలో వాతమును గూర్చిన ఋషుల గోష్ఠియందు మరీచి యను ఋషి అగ్నిపక్షమున మాటలాడుచు, జీర్ణాజీర్ణములతోపాటు శౌర్యభయములను, క్రోధహర్షములను, మోహప్రసాదములను గూడ పిత్తగతమైన అగ్నికే అంటగట్టినాడు. అనగా వైద్యులకు కడుపులోని మంటయు మనసులోని మంటయు ఒక పొయ్యివే.

ఈ గుణములనుండి పిత్తప్రకృతివాని రూపమును చరకసంహిత విమానస్థానము ఎనిమిదవ అధ్యాయము ఒక గణితశాస్త్రజ్ఞుని నిబ్బరముతో పుట్టించినది. వేడిగుణము వలన అతడు ఎండకు ఓర్వడు, ముఖము వెచ్చగా నుండును, మేను సుకుమారము, పుట్టుమచ్చలు హెచ్చు, ఆకలిదప్పులు మెండు. ముడుతలు, నెరుపు, బట్టతల వేగిరమే వచ్చును. తీక్ష్ణగుణము వలన పరాక్రమము, చుఱుకైన జఠరాగ్ని, మాటిమాటికి తినుట, కష్టమునకు తాళలేకపోవుట. ద్రవగుణము వలన కీళ్లు, కండలు సడలి, చెమట మిక్కిలి యగును. ఇట్లు చెప్పి చివరకు వీరు మధ్యబలులు, మధ్యాయుష్కులు, జ్ఞానమునందును సంపదయందును మధ్యములు అని ముగించినది. ఇచ్చట 'సదాతుర' శబ్దము లేదు. ఏలనగా ఇది రోగిని పరీక్షించు సందర్భము. ఎదుట నున్నవాని బలమెంత, అతడెంత మందుకు తాళును అని తెలిసికొనుటకు వైద్యుడు ప్రకృతిని చూడవలెను. ఆ పనికి తీర్పు అక్కఱలేదు, కొలత చాలును. ఒకే గ్రంథము ఒకచోట న్యాయాధిపతివలె, మఱియొకచోట తూనికవానివలె పలుకుట గమనింపదగినది.

సుశ్రుతసంహితలోని చిత్రము వేరు. అది కవి వ్రాసినట్లుండును. పిత్తప్రకృతివాడు త్వరగా కోపించును, త్వరగా చల్లబడును. మేధావి, నిపుణుడు, సభలో ఎదిరింప శక్యము కానివాడు. భయముచేత ఎవనికిని తలవంచడు. వంగనివారియెడ కఠినుడు, వంగినవారిని ఊరడించుటయందు ప్రీతి గలవాడు. అతని కలలలో బంగారము, మోదుగుపూలు, కొండగోగులు, నిప్పు, మెఱుపు, ఉల్క కనబడును. పాము, గుడ్లగూబ, పిల్లి, కోతి, పులి, ఎలుగు, ముంగిస మొదలగు వాటి పోలిక అతనియందు తోచునట. కలల రంగును రోగనిదానమునకు పనికిరాని కల్పన యని తోసివేయుట సులభము. నా కట్లు తోచదు. వైద్యుడు ఇచట రోగిని కాదు, ఒక వ్యక్తిని చూచుచున్నాడు. తన యెదుట కూర్చున్నవాడు కలలలో ఏమి చూచునో అడుగునంత తీరిక గల వైద్యుడు అతనిని సులభముగా రోగి యనడు. శస్త్రవైద్యప్రధానమైన గ్రంథమునందు ఇంతటి సౌమనస్యము ఉండుట వింతయే.

ఇక చరకుని పక్షము. విమానస్థానము ఆఱవ అధ్యాయమున పూర్వపక్షి యొకడు ఇట్లు వాదించును: మనుష్యులు తినునది ఒక తీరుగా నుండదు, కావున మూడును సమముగా గలవాడు లోకమున లేడు, ఉన్నవారందఱు వాతప్రకృతులో, పిత్తప్రకృతులో, కఫప్రకృతులో యగుదురు. ఆత్రేయుడు దీనిని ఒప్పుకొనలేదు. ప్రకృతి యనగా ఆరోగ్యము. వైద్యప్రవృత్తి అంతయు ఆరోగ్యము కొఱకే. సమస్థితి గలవాడు లేనేలేడన్నచో వైద్యము దేనికొఱకు? కావున సముడున్నాడు, తక్కిన మువ్వురిది 'ప్రకృతి' యనరాదు, వారిది దోషప్రకృతి మాత్రమే. వాదమున పదును ఉన్నది. గాని ఇది గమ్యమునుండి వెనుకకు నడచిన తర్కము. వైద్యమునకొక ఆదర్శము కావలెను గనుక ఆ యాదర్శము దేహము దాల్చి యుండవలెనని అతని భావము. సుశ్రుతపక్షమువారు కన్నులెదుట నున్న మనుష్యులనుండి బయలుదేరినారు. ఏడు ప్రకృతులను లెక్కించి, వాటిని ఏడింటిని ప్రకృతులే యన్నారు.

ఈ రెంటిని కలిపినవాడు వాగ్భటుడు. సుమారు ఏడవ శతాబ్దమువాడని చెప్పబడు ఈ యాచార్యుని అష్టాంగహృదయము, ప్రథమాధ్యాయమునందే సుశ్రుతుని విషక్రిమి దృష్టాంతమును తీసికొని, చరకుని తారతమ్యమును దాని ప్రక్కన నిలిపినది. వాతప్రకృతి హీనము, పిత్తప్రకృతి మధ్యమము, కఫప్రకృతి ఉత్తమము, సమప్రకృతి శ్రేష్ఠము, రెండు దోషములు కలిసినది నింద్యము. అందఱును ప్రకృతి గలవారే. కాని అందఱి ప్రకృతియు ఒక్క మెట్టున లేదు. రాజీ యన్నచో రాజీయే. ఆ గ్రంథము కేరళమున వైద్యకుటుంబముల కంఠస్థమై, టిబెట్టు భాషలోనికి అనువాదమై నిలిచినది గనుక రాజీమాటయే ఎక్కువ దూరము ప్రయాణము చేసినది. పిత్తప్రకృతివానికి 'మధ్యముడు' అను బిరుదు స్థిరపడినది. సభలో ఎదురులేనివానికి ఇది ఎంత రుచించునో ఊహించుకొనవచ్చును.

రోగమన్నను, స్వభావమన్నను అతడు చేయవలసినది మాత్రము దాదాపు ఒకటే. నెయ్యి త్రాగుట, నెయ్యి పూసికొనుట, విరేచనముచేత దోషమును క్రిందికి పంపుట; తీపి, చేదు, వగరు రుచులు గల చల్లని యాహారము, మందు. ఇంతవఱకు ఎవరికైనను అందుబాటే. ఆపైన విమానస్థానము పట్టిక పెరుగును: ముత్యాలహారములు, మణులు ఱొమ్మున దాల్చుట, మంచిగంధపు నీటిని చల్లించుకొనుట, వెన్నెల కాయు మేడపై పండుకొనుట, ఏటి యిసుకతిన్నెలు, తామరకొలనులు, వీనులకింపైన గానము, అభ్యుదయవార్తలు, ఇష్టమిత్రులు, చల్లని వలువలు దాల్చిన ప్రియురాండ్రు. చదువుచుండగా ఇది వైద్యశాస్త్రమా, ఋతువర్ణనకావ్యమా యను శంక కలుగును. ఎవని దేహమును మనసునందుంచుకొని ఈ పట్టిక వ్రాయబడినదో స్పష్టమే. మధ్యాహ్నపుటెండలో నాగలి పట్టిన పిత్తప్రకృతివానికి మేడ యెక్కడిది? అయితే ఆ సంహితయే సూత్రస్థానము పదునైదవ అధ్యాయమున, అందఱకును అన్ని పరికరములు ఉండవనియు, దారుణరోగములు దరిద్రుని విడిచిపెట్టవనియు ఒప్పుకొని, లేనివాడు దొరికిన మందుతోనే శోధనము చేసికొనవలెనని చెప్పినది. ఆ వాక్యము లేకున్నచో ముత్యాలపట్టికను క్షమించుట కష్టము.

కాలమును గూర్చిన బోధ మాత్రము ధనికునికిని పేదకును సమానము. పిత్తము వర్షాకాలమున కూడును, శరత్తున పొంగును, హేమంతమున శమించును. తొలకరి తడికి అలవడిన దేహమును మబ్బు విడిన సూర్యుడు ఒక్కసారిగా కాల్చుటయే దానికి కారణమని చరకము. కావుననే విరేచనమునకు తగిన కాలము శరత్తు. పగటి యెండకు కాగి, రేయి వెన్నెలకు చల్లారి, అగస్త్యోదయముచే తేటయైన నీటికి హంసోదకమని పేరు పెట్టి, ఆ ఋతువున త్రాగుటకు, స్నానమునకు అదియే మేలన్నారు. దినమున మధ్యాహ్నము, రాత్రియందు నడురేయి, వయసున నడిమి భాగము పిత్తమునకు పట్టుగల వేళలు. నడిప్రాయమున పురుషునికి కోపమేల హెచ్చునో తెలిసికొనగోరువారు దీనిని ఆలోచింపవచ్చును.

ఆహారము దగ్గఱకు వచ్చునప్పటికి మన నమ్మకములకును శాస్త్రమునకును నడుమ కొన్ని పేచీలున్నవి. తెలుగు ఇండ్లలో పెరుగు చలువ యని పిల్లలకు గూడ తెలియును. చరకమున పెరుగు ఉష్ణము, పాకమున పులుపు, శరద్గ్రీష్మవసంతములలో ప్రాయికముగా నింద్యము. రాత్రి తినరాదు, నెయ్యియో, చక్కెరయో, పెసరకట్టో, తేనెయో, ఉసిరికయో కలుపక తినరాదు. విధి తప్పి తిన్నవానికి జ్వరము, రక్తపిత్తము మొదలగునవి వచ్చునని హెచ్చరిక. ఉసిరిక మాటయే చూడుడు: పులుపు సామాన్యముగా పిత్తమును పెంచును, దానిమ్మయు ఉసిరికయు తప్ప అని వారు మినహాయించినారు. ఇంతటి సూక్ష్మమైన మినహాయింపులు అనుభవము లేనిదే పుట్టవు. జఠరాగ్ని మితిమీరి తిన్నది తిన్నట్లు భస్మమగుచున్నచో గుఱుతరమైన తీపి వస్తువులను, పాయసమును, గేదెపాలను, మునుపటిది అరుగకున్నను మరల పెట్టుమన్నారు. కట్టెలు చాలని నిప్పు ధాతువులనే కాల్చునని హేతువు. ఇక మన వంటలోని మిరపకాయను గూర్చి సంహితలు పలుకకపోవుట సహజము. అది పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలపై వచ్చినది. పిప్పలిని, క్షారమును, ఉప్పును మితిమీరి వాడరాదని మూడింటికి హద్దు పెట్టిన చరకుడు గుంటూరు పొలములను చూచియున్నచో నాలుగవదానిని చేర్చి యుండును. ఆ మాట అటుంచి, అలవాటు పడినవానిని ఒక్కనాడే మాన్పింపరాదని, పాదము పాదముగా తగ్గింపవలెనని గూడ అతడే విధించినాడు. ఇది ప్రకృతియందలి దయ కాదు, వైద్యుని దయ.

మధ్యయుగమున ఈ శాస్త్రము రెండు మార్గముల విస్తరించినది. దేశములోపల, ప్రాచీనసంహితలలో లేని నాడీపరీక్ష శార్ఙ్గధరుని కాలమునుండి ప్రబలినది. పిత్తనాడి కాకివలె, కప్పవలె గంతులు వేయునన్నారు. మన కోటూరు బసవరాజు సంస్కృతమును తెలుగును కలిపి కూర్చిన బసవరాజీయము గూడ నాడితోనే మొదలగును. దేశము వెలుపల, ఎనిమిది తొమ్మిది శతాబ్దములలో బాగ్దాదున అబ్బాసీ ఖలీఫాల కొలువున మన సంహితలు అరబ్బీలోనికి పోయినవి. అలీ ఇబ్న్ రబ్బన్ తబరీ 850 ప్రాంతమున ముగించిన వైద్యగ్రంథమున భారతీయవైద్యమునకు ప్రత్యేకభాగము కలదు. అచట అది గ్రీకుల నాలుగు రసముల సిద్ధాంతమునకు ఎదురుపడినది. పోలిక చూచి మోసపోవుట సులభము. గ్రీకుల పచ్చపసరు ఉష్ణము, శుష్కము. మన పిత్తము ఉష్ణము, ద్రవము. వారికున్న నల్లపసరు మనకు లేదు. తర్వాత యునానీ హకీములు 'సఫ్రా' అను పేరుతో ఉత్తరభారతమునకు తెచ్చినది గ్రీకుల పసరునే. కాని బజారున వైద్యునికిని హకీముకును మధ్య గోడ లేదు. హిందీ ఇండ్లలో నేటికిని ఒక పండు తాసీర్ గరమా, ఠండీయా యని అడుగుదురు. మాట అరబ్బీ, ఆలోచన ఇరువురిది. మనము వేడి చేయును, చలువ చేయును అందుము.

భాషలు ఈ సిద్ధాంతమును తమకు తోచినట్లు పంచుకొన్నవి. తెలుగున పైత్యము చేసినదన్నచో తల తిరుగుట, వాంతి. వానికి పైత్యమన్నచో వెఱ్ఱి. తమిళమున 'పిత్తన్' అనగా ఉన్మత్తుడు. సుందరమూర్తి నాయనారు శివుని ఆ పేరుననే పిలిచినాడు. ద్రావిడభాషలందు వేడి తలకెక్కినది. హిందీయందు అది కోపముగానే నిలిచినది. 'పిత్తా మార్‌నా' అను పలుకుబడికి కోపమును దిగమ్రింగుట యని యర్థము. ఈ పలుకుబడిని పుట్టించిన సామాన్యజనులు చరకమును చదివియుండరు గాని, ఆ గ్రంథము సూత్రస్థానము ఏడవ అధ్యాయము పేరే వేగముల నిరోధమునకు సంబంధించినది. తుమ్ము, ఆకలి, నిద్ర మొదలగు దేహవేగములను ఆపరాదని మొదట చెప్పి, లోభము, శోకము, భయము, క్రోధము మొదలగు మనోవేగములను ఆపవలెనని వెంటనే చెప్పినది. పెరుగును గూర్చిన నియమములును అందే. సదాతురులను మాటయు అందే. అనగా పిత్తలుడు నిత్యరోగి యని తీర్పు చెప్పిన అధ్యాయమే అతని కోపమునకు ఆ రోగమును సాకుగా ఒప్పుకొనలేదు. దేహమును దోషములు మూడింటితోను, మనస్సును సత్త్వరజస్తమస్సులతోను వేఱుగా కొలిచిన శాస్త్రమునకు ఇది తగియున్నది. పిత్తదేహమున సాత్త్వికమనస్సు ఉండరాదని ఎక్కడను లేదు.

ఇటీవలి చరిత్రలో ఈ వివాదము ఎవరును పేరెత్తకయే ఒక ప్రక్కకు మొగ్గినది. హృదయశస్త్రవైద్యుడై, 2003లో చరకుని గూర్చి గొప్ప గ్రంథము వెలువరించిన ఎం. ఎస్. వలియత్తాన్ ప్రోత్సాహమున ఆయుర్వేదమును జీవశాస్త్రముతో పరీక్షించు యత్నములు సాగినవి. 2008లో ఢిల్లీ పరిశోధకులు వేర్వేరు ప్రకృతులవారి జన్యువుల పనితీరున భేదములు చూపిరి. 2015లో హైదరాబాదులోని సి. సి. ఎం. బి. శాస్త్రజ్ఞులు, వారి సహచరులు 3,416 మందిని పరిశీలించి, ప్రకృతి స్పష్టముగా తేలిన 262 మంది పురుషులను ఏర్చి, వారి జన్యుపటములను పోల్చిరి. శక్తి ఉత్పాదనతో సంబంధము గల ఒక జన్యువునకును పిత్తప్రకృతికిని పొత్తు కనబడెనని ప్రకటించిరి. ఒక్క పరిశోధనపై గోపురము కట్టరాదు. స్త్రీలను చేర్పని లెక్క సగము లెక్కయే. నన్ను ఆకర్షించినది ఫలితము కంటె ఆరంభము. పరీక్షకు వారు పిలిచినది ఆరోగ్యవంతులను. పిత్తప్రకృతివాడు ఆరోగ్యవంతుడుగా ఉండగలడని ముందే ఒప్పుకొనిననే గాని ఆ పరిశోధన ఒక్క అడుగు ముందుకు పడదు. సుశ్రుతుని పురుగు ఇచట గెలిచినది.

అయినను చరకుని మాటను పూర్తిగా విడువలేము. ప్రకృతులన్నియు సమానమైనచో పిత్తలుడు శరత్తున జాగ్రత్తపడవలసిన పని యేమి? ఏ దోషము పుట్టుకతోనే మిక్కుటమో ఆ దోషపు రోగమే అతనికి బలముగాను వేగముగాను వచ్చునని ఆ విమానాధ్యాయమే వివరించినది. సదాతురుడనగా మంచము పట్టినవాడని కాక, ఒక గుమ్మము ఎల్లప్పుడును తెఱచియున్న ఇల్లు గలవాడని గ్రహించినచో రెండు సంహితల నడుమ దూరము చాల తగ్గును. 1949లో జామ్‌నగరున గులాబ్‌కున్వర్‌బా సంస్థ చరకసంహితను హిందీ, గుజరాతీ, ఆంగ్లానువాదములతో ఆఱు సంపుటములుగా ప్రకటించినది. అట్టి పనికి పూనుకొన్న ప్రతి యనువాదకుడును ఈ పదము దగ్గఱ ఆగక తప్పదు. 'రోగి' యన్నచో బరువెక్కువ. 'రోగమునకు లోబడువాడు' అన్నచో చరకుని బిగువు పోవును. తెలుగువానికిని, హిందీవానికిని మఱియొక చిక్కు కలదు. సంస్కృతమున ఆతురుడనగా రోగి. మన రెండు భాషలలోను ఆ పదము రోగమును విడిచి తొందరపాటున స్థిరపడినది. వ్యాఖ్యానము చూడని తెలుగు చదువరి పిత్తప్రకృతివానిని చరకుడు 'సదాతురుడు' అన్నాడని వినినచో, ఎల్లప్పుడును ఆతురపడువాడనియే అర్థము చేసికొనును. అన్నము వడ్డించుట ఒక్క క్షణము ఆలస్యమైనచో విస్తరి ముందునుండి లేచిపోవువానిని ఎఱిగిన యింటివారు ఆ యర్థమును దిద్దబోరు.